పటం మీద పిట్ట, అడవిలో పిట్ట

"అంతరించిపోతున్న జీవి" అన్న మాట మనం పత్రికల్లో ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. పులి, రాబందు, బట్టమేక పిట్ట, కలివి కోడి అన్నీ ఆ ఒక్క మాటలోనే ఇమిడిపోతుంటాయి. ఆ మాట అన్నది ఎవరు, ఏ లెక్క మీద అన్నారు, ఆ లెక్క నిలబడేదేనా అన్న ప్రశ్నలు మాత్రం మనకు సాధారణంగా తట్టవు. డాక్టరు రాసిచ్చిన చీటీలా దాన్ని తీసుకుని జేబులో పెట్టుకుంటాం.

ఆ చీటీని ఒకసారి విప్పి చదవడమే ఈ వ్యాసం పని. అందుకు మన దేశపు పక్షి ఒకదాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దాని గురించి 2017లో వెలువడిన ఒక పరిశోధన పత్రం, దానిలాంటి పక్షుల గురించి అదే సంవత్సరం వచ్చిన మరో పత్రం పక్కపక్కన పెట్టి చదివితే, "ప్రమాద స్థితి" అనే తీర్పు ఎలా తయారవుతుందో, ఎక్కడ బలహీనంగా ఉందో తెలుస్తుంది.

నేల మీద బతికే నీలి పిట్ట

పశ్చిమ కనుమల దక్షిణ భాగంలో, సుమారు వెయ్యి మీటర్లు దాటిన కొండల మీద, షోలాలు అనే అడవులుంటాయి. ఇవి మనం ఊహించుకునే మహారణ్యాలు కావు. కొండల మడతల్లో, నీటి వాగుల వెంట, చుట్టూ గడ్డి మైదానాల మధ్య ముక్కలు ముక్కలుగా ఉండే పొట్టి చెట్ల చిక్కటి తోపులు. కొన్ని షోలాలు కొద్ది హెక్టార్లకు మించవు. పైన గాలి, చలికాలంలో మంచు, లోపల నాచు పట్టిన కొమ్మలు, కింద కుళ్ళిన ఆకుల మెత్తటి పరుపు.

ఆ ఆకుల పరుపు మీదే మన పిట్ట జీవితం సాగుతుంది. పిచ్చుక కంటే కొంచెం చిన్నదో పెద్దదో అనిపించే పరిమాణం, సన్నని పొడవాటి కాళ్ళు, పొట్టి రెక్కలు, పలక రంగు కలిసిన నీలి వీపు. పొదల నీడలో గెంతుతూ ఆకులు కదిలించి పురుగులు ఏరుకుంటుంది. వాగు గట్టులో బొరియనో, చెట్టు తొర్రనో చూసుకుని గూడు పెడుతుంది. తెల్లవారుజామున, సందె వేళ పాడుతుంది. పాట వినడం సులభమే, పిట్టను చూడటమే కష్టం. ఎత్తయిన చెట్ల మీదుగా దూరాలు ఎగిరి వెళ్ళే అలవాటు దానికి లేదు. ఈ చివరి వాక్యం గుర్తుంచుకోండి, మన వాదమంతా దాని మీదే తిరుగుతుంది.

ఇది తెలుగు నేల మీద లేదు కనుక దానికి వాడుకలో తెలుగు పేరు లేదు. ఈ వ్యాసం వరకు షోలా పిట్ట అందాం. అయినా దానికీ మనకూ ఒక చుట్టరికం ఉంది. నీలగిరులలోని పిట్టను 1840లలో శాస్త్ర లోకానికి పరిచయం చేసినవాడు థామస్ జెర్డన్ అనే సైనిక వైద్యుడు. నెల్లూరులో పనిచేసిన జెర్డన్ ఆయనే. కలివి కోడికి ఇంగ్లీషులో ఉన్నది కూడా ఆయన పేరే. దశాబ్దాల పాటు కనబడకుండా పోయిన ఆ కలివి కోడి 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతంలో మళ్ళీ దొరికిన సంగతి పాఠకులకు తెలిసిందే.

ఒక పిట్ట రెండైంది

నీలగిరుల పిట్టకు పొట్ట పక్కలు ఇటుక రంగు. పాలక్కాడ్ కనుమకు దక్షిణాన ఆనైమలై, పళని కొండల్లో ఉండే పిట్టకు ఆ ఇటుక రంగు లేదు, పక్కలు నీలం, పొట్ట తెలుపు. దీన్ని 1868లో బ్లాన్‌ఫర్డ్ వేరే జాతిగా వర్ణించాడు. అయినా ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం పక్షి గ్రంథాలు రెండింటినీ ఒకే జాతిగా చూపాయి. 2005లో రాస్ముసెన్, ఆండర్టన్‌ల గ్రంథం మళ్ళీ విడదీసింది.

2017లో రాబిన్ విజయన్, ఉమా రామకృష్ణన్, సుష్మా రెడ్డి, వారి సహచరులు జన్యు పరీక్షల ఆధారంగా ఇంకో అడుగు ముందుకు వేశారు. ఈ పిట్టలు ఆసియాలోని ఇతర పొట్టి రెక్కల పిట్టల గుంపులో చేరవని, పశ్చిమ కనుమల్లోనే తమ దారిలో తాము పరిణమించిన ప్రత్యేక వంశమని చెప్పి వాటికి షోలికోలా అనే కొత్త ప్రజాతి పేరు పెట్టారు. షోలాలో నివసించేది అని దాని అర్థం. అంతేకాదు, చెంకోట కనుమకు దక్షిణాన అగస్త్యమలై కొండల్లోని పిట్టల్ని మూడో జాతిగా ప్రతిపాదించారు. ఈ మూడోదాన్ని అందరూ ఇంకా జాతిగా ఒప్పుకోలేదు, ఉపజాతి అనేవారున్నారు.

ఎందుకిలా జరిగింది? పాలక్కాడ్ కనుమ అంటే పశ్చిమ కనుమల గోడలో పడిన పెద్ద సందు. సుమారు 30, 40 కిలోమీటర్ల వెడల్పున నేల పల్లమై, వేడిగా ఉంటుంది. రైళ్ళకు అది రాజమార్గం. చల్లని కొండ మీద, ఆకుల నీడలో బతికే పిట్టకు అది సముద్రంతో సమానం. అందుకే శాస్త్రజ్ఞులు ఈ కొండల్ని "ఆకాశ ద్వీపాలు" అంటారు. ద్వీపానికి ద్వీపానికి మధ్య లక్షల ఏళ్ళుగా రాకపోకలు లేక వంశాలు వేరుపడ్డాయి.

ఈ పత్రం బలం దాని స్పష్టత. కానీ ఒక పర్యవసానం మీద మనం ఆగాలి. ఒక జాతిని రెండుగా, మూడుగా విడదీస్తే ఒక్కొక్కదానికి మిగిలే నేల తగ్గుతుంది. అడవిలో ఒక్క చెట్టు పడకపోయినా, ఒక్క పిట్ట చావకపోయినా, కాగితం మీద ప్రమాదం పెరుగుతుంది. కొందరు దీన్ని వర్గీకరణ గారడీ అని కొట్టిపారేస్తారు. అది తొందరపాటు. ప్రమాదం ముందూ ఉంది, మనకు కనబడలేదంతే. అగస్త్యమలైలోని పిట్టలు పోతే పళని నుంచి వచ్చి ఆ చోటు నింపేవి లేవు. జాతి అన్నా, ఉపజాతి అన్నా ఆ వాస్తవం మారదు. పేరు మీద తగవు తేలేదాకా రక్షణ ఆగాలనే వాదన అందుకే నిలవదు.

పొలిమేరా, గడపా?

ఇక రెండో పత్రం సంగతి. విజయ్ రమేశ్, తృష గోపాలకృష్ణ, సహస్ బార్వే, డాన్ మెల్నిక్ 2017లోనే బయలాజికల్ కన్సర్వేషన్ పత్రికలో ఒక ఘాటైన విమర్శ ప్రచురించారు. పశ్చిమ కనుమలకే పరిమితమైన 18 పక్షుల పటాలను వారు పరిశీలించారు. ఐ.యు.సి.ఎన్. అనే అంతర్జాతీయ సంస్థ రెడ్ లిస్టు కోసం వాడుతున్న పటాలు 17 పక్షుల విషయంలో వాటి నివాస పరిధిని బాగా ఎక్కువ చేసి చూపుతున్నాయని, పిట్ట ఉండే వీలులేని పొలాలు, చెరువులు కూడా వాటిలో కలిసిపోయాయని తేల్చారు. పరిధి చిన్నదైన కొద్దీ తప్పు పెద్దదవుతోందన్నారు. 18లో 10 పక్షుల ప్రమాద స్థాయిని పెంచాలని సిఫారసు చేశారు. పక్షి ప్రేమికులు ఈబర్డ్ అనే ఉమ్మడి ఖాతాలో నమోదు చేసే పరిశీలనలే వారి ముడి సరుకు.

ఈ విమర్శ ఎంతవరకు న్యాయం? తూచాలంటే రెడ్ లిస్టు కొలతలు తెలియాలి. అవి రెండు రకాలు. మొదటిదాన్ని పొలిమేర అందాం. పక్షి కనిపించిన చోట్లన్నిటినీ పటం మీద గుర్తించి, చివరి చుక్కల చుట్టూ దారం బిగిస్తే లోపల వచ్చే వైశాల్యం అది. రెండోదాన్ని గడప అందాం. పటాన్ని రెండేసి కిలోమీటర్ల భుజం గల గళ్ళుగా విభజించి, పిట్ట ఉన్న గళ్ళను మాత్రమే లెక్కిస్తే వచ్చేది అది. ఊరి పొలిమేర వేరు, జనం కాపురముండే గడపలు వేరు కదా!

పొలిమేర 20,000 చదరపు కిలోమీటర్ల లోపు ఉంటే ఒక మెట్టు, 5,000 లోపు ఉంటే రెండోది, 100 లోపు ఉంటే మూడోది. గడపలకు ఈ హద్దులు 2,000, 500, 10. వైశాల్యం తక్కువైనంత మాత్రాన తీర్పు రాదు. దానితోపాటు నివాసం ముక్కలైందా లేక కొద్ది చోట్లకే పరిమితమైందా, క్షీణత సాగుతోందా, సంఖ్య విపరీతంగా ఎగుడుదిగుడు అవుతోందా అన్న మూడు షరతుల్లో కనీసం రెండు నెరవేరాలి.

ఇప్పుడు రెడ్ లిస్టు పక్షం వాదన వినండి. పొలిమేర లోపల పొలాలు, చెరువులు ఉండటం తప్పు కాదు, అది ఉద్దేశపూర్వకమే అంటారు వారు. పొలిమేర కొలిచేది పిట్టకు ఎంత అడవి ఉందని కాదు, ఆపద వస్తే అది ఎంత దూరం వ్యాపించి అన్నిటినీ ఒకేసారి తాకగలదని. అందుకే దాని హద్దులు అంత పెద్దవిగా పెట్టారు. పొలిమేర నుంచి పొలాలు తీసేసి, మిగిలినదాన్ని పాత హద్దుతోనే పోలిస్తే బట్టను మీటరుతో కొలిచి గజం ధర కట్టినట్టే.

ఈ సమాధానం సూత్రం ప్రకారం సరైనదే. రమేశ్ బృందం విమర్శను చదివి "రెడ్ లిస్టు అబద్ధాల పుట్ట" అని నిర్ణయానికి వచ్చేవారు దీన్ని మరచిపోకూడదు. కానీ ఈ సమాధానం ఒక ఇబ్బందిని దాటేస్తుంది. దారం బిగించాలంటే ముందు చుక్కలు సరిగా ఉండాలి. పిట్ట ఉన్న చోటు తెలియక, కొండ వాలంతా రంగు పూసి గీసిన పాత పటం నుంచి పొలిమేర తీస్తే, అది సూత్రాన్ని పాటించినట్టు కాదు. రమేశ్ బృందం పట్టుకున్నది ఈ లోపాన్ని. అది నిజమైన లోపం.

గడప కొలతలోనూ ఒక తిరకాసుంది. ఒక గడి వైశాల్యం 4 చదరపు కిలోమీటర్లు, అంటే 400 హెక్టార్లు. ఆ గడిలో ఉన్నది 5 హెక్టార్ల షోలా ఒక్కటే అనుకోండి. లెక్కలో మాత్రం గడి మొత్తం చేరుతుంది. ఉన్న అడవికి 80 రెట్లు! అన్ని జీవులనూ ఒకే తూనికలో తూచాలంటే ఏదో ఒక గడి పరిమాణం పెట్టుకోక తప్పదు, నిజమే. కాని కొండ మడతల్లో బతికే పిట్టకు ఆ తూనిక ఎప్పుడూ ఉదారంగానే ఉంటుందని చదివేవారికి తెలియాలి.

పరిశీలకుల దారి, పిట్ట దారి

రెండో పత్రం వాడిన ముడి సరుకు గురించి కూడా ఒక మాట. వేలాది మంది ఔత్సాహికులు తాము చూసిన పక్షుల్ని నమోదు చేయడం మన దేశంలో విజ్ఞానానికి దక్కిన గొప్ప సంపద. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక ఆ సంపద మీదే నిలబడి 942 జాతులను పరిశీలించి, 178 జాతులకు అత్యధిక ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పగలిగింది. ప్రభుత్వ సర్వేలకు అది అంత త్వరగా సాధ్యమయ్యే పని కాదు.

అయితే పరిశీలకులు దారి ఉన్న చోటికి వెళతారు. ఊటీ, మున్నార్, కొడైకెనాల్ చుట్టుపక్కల చుక్కలు గుమిగూడతాయి. అనుమతి దొరకని అడవి, నడిచి ఎక్కాల్సిన కొండ ఖాళీగా మిగులుతాయి. పొదల కింద, నేల మీద, సందె వెలుగులో తిరిగే పిట్ట అయితే పక్కనే ఉన్నా జాబితాకెక్కకపోవచ్చు. చుక్క లేని చోట పిట్ట లేదని యంత్రం అనుకుంటే పరిధి అవసరానికి మించి కుంచించుకుపోతుంది. పాత పటం పిట్ట లేని చోట ఉందంటుంది, కొత్త నమూనా ఉన్న చోట లేదనవచ్చు. ఇలాంటి పక్షపాతాన్ని సవరించే గణిత పద్ధతులున్నాయి గాని, అవి కొండ ఎక్కి చెవి పెట్టి వినే మనిషికి ప్రత్యామ్నాయం కావు. రాబిన్, రామన్ సుకుమార్ 2002లో ప్రచురించిన షోలా పిట్ట అధ్యయనం అలా కొండలెక్కి చేసిందే. నేల పక్షుల విషయంలో అలాంటి పని ఇంకా కావాలి.

అసలు షరతు పక్కన పడింది

పొలిమేర పెద్దదా, చిన్నదా అన్న ఈ తగవులో రెండు పక్షాలూ ఎక్కువగా వాదించుకున్నది వైశాల్యం గురించే. నా అభియోగం అక్కడే. షోలా పిట్ట విషయంలో నిర్ణయాత్మకమైనది వైశాల్యం కాదు, ముక్కలు కావడం. ఆ షరతు రెడ్ లిస్టు నిబంధనల్లోనే ఉంది. జాతి నివాసంలో సగానికి మించిన భాగం, తనంత తానుగా మనలేని చిన్న ముక్కల్లో, ఒకదానికొకటి అందనంత దూరంలో ఉంటే దాన్ని "తీవ్రంగా ముక్కలైనది"గా పరిగణించాలి. ఎంత దూరం అందనంత దూరం? ఆకాశంలో గద్దకు పది కిలోమీటర్లు లెక్క కాదు. నేల మీద గెంతే పిట్టకు ఒక తేయాకు లోయే దాటలేని అడ్డు కావచ్చు.

ఇది ఊహ కాదు. రాబిన్, సహచరులు 2015లో మాలిక్యులర్ ఎకాలజీ పత్రికలో "ద్వీపాల్లో ద్వీపాలు" అనే భావంతో ఒక అధ్యయనం ప్రచురించారు. ప్రకృతి సిద్ధమైన లోయలే కాక, మనుషులు ఇటీవల అడవి నరికి చేసిన ఖాళీలు కూడా ఈ కొండ పిట్టల జన్యువుల మీద ముద్ర వేశాయని అది చూపింది. 2016లో వచ్చిన మరో అధ్యయనం పాటల్లోనూ తేడాలను గమనించింది. లక్షల ఏళ్ళ కనుమ చేసిన పనిని వంద, నూటయాభై ఏళ్ళ తోటలు కొంతవరకు మళ్ళీ మొదలుపెట్టాయన్న మాట.

ఇంత స్పష్టమైన సాక్ష్యం చేతిలో ఉండగా, ప్రమాద స్థితి చర్చ చదరపు కిలోమీటర్ల చుట్టూ తిరగడం విచారకరం. పటం సరిదిద్దితే తీర్పు సరవుతుందన్న భ్రమ దాని వల్ల కలుగుతుంది. 600 చదరపు కిలోమీటర్ల ఏకఖండమైన అడవి, అంతే వైశాల్యం గల వెయ్యి ముక్కల అడవి ఒకటి కావు. పటంలో రెండూ అంతే పచ్చగా కనబడతాయి.

ఏది పచ్చన?

పచ్చదనం మాట వచ్చింది కనుక ఇంకో సంగతి. షోలాల చుట్టూ ఉండే గడ్డి మైదానాలను వలస పాలకులు బంజరు భూములుగా చూశారు. పంతొమ్మిదో శతాబ్దం నుంచి అక్కడ యూకలిప్టస్, ఆస్ట్రేలియా తుమ్మ, పైన్ చెట్లు నాటుతూ వచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ పని ఆగలేదు. పళని కొండల ఉపగ్రహ చిత్రాలను పరిశీలించి అరసుమణి, సహచరులు 2018లో ప్రకటించిన లెక్క ప్రకారం, 1973 నుంచి 2014 వరకు అక్కడ గడ్డి మైదానాల్లో సుమారు మూడింట రెండు వంతులు, షోలా అడవుల్లో మూడో వంతుకు కొంచెం తక్కువ పోయాయి. ఆ మేరకు తోటలు, సేద్యం పెరిగాయి.

మన అటవీ సర్వే లెక్కలో మాత్రం ఒక హెక్టారుకు పైబడి, పది శాతానికి మించి చెట్ల నీడ ఉన్న నేలంతా అడవి కిందికే వస్తుంది. ఏ చెట్టు, ఎవరి నేల అన్నది చూడరు. గడ్డి మైదానం తుమ్మ తోటగా మారితే దేశంలో అడవి పెరిగినట్టు నమోదవుతుంది! నివేదిక చదివిన మంత్రి సంతోషిస్తారు, మనమూ సంతోషిస్తాం. షోలా పిట్టకు ఆ సంతోషంలో పాలు లేదు. తేయాకు తోట అంచున మిగిలిన చిన్న షోలాల్లోనూ ఇది కనిపిస్తుంది కదా, అంత సుకుమారమేమీ కాదు అనేవారున్నారు. కనిపించడం వేరు, తరతరాలుగా నిలవడం వేరు. చుట్టూ దారులు మూసుకుపోయిన ముక్కలో ఈ ఏడు పాడిన పిట్ట, వచ్చే యాభై ఏళ్ళకు హామీ కాదు. పైగా వాతావరణం వేడెక్కితే కింది వాలు జీవులు పైకి జరగవచ్చు. శిఖరం మీద ఉన్నదానికి జరగడానికి పైన చోటు లేదు.

తెలుగులో మనం చేస్తున్న తప్పు

విదేశీ పటాలను, సర్వేలను విమర్శించాం. మన పత్రికల సంగతి కూడా చెప్పుకోవాలి. రెడ్ లిస్టులో మెట్లున్నాయి. నియర్ త్రెటెన్డ్, వల్నరబుల్, ఎండేంజర్డ్, క్రిటికల్లీ ఎండేంజర్డ్. నాలుగింటికీ కలిపి మన అనువాదం ఒక్కటే: "అంతరించిపోతున్న." కలివి కోడి చివరి మెట్టు మీద, నీలగిరి షోలా పిట్ట దానికి ఒక మెట్టు కింద ఉన్నాయి. మన వార్తల్లో రెండూ ఒకటే. మాటకు తేడా లేకపోతే తొందరకూ తేడా ఉండదు. అన్నీ అంతరిస్తున్నాయంటే చివరికి ఏదీ అంతరిస్తున్నట్టు అనిపించదు.

అనువాదం చేసేవాడిగా నా సూచన ఇది. ఈ మెట్లను వరుసగా గండానికి చేరువైనది, గండం పొంచి ఉన్నది, ప్రమాదంలో పడినది, చావుబతుకుల మధ్య ఉన్నది అనవచ్చు. ఇంతకంటే మంచి మాటలు పాఠకులకు తోచవచ్చు. ఏ మాట అయినా మెట్టు తేడా చెవికి తెలియాలి. మెట్టుతో పాటు కారణం కూడా రాయాలి. ఒక్క వాక్యం చాలు: సంఖ్య తగ్గిందనా, పరిధి చిన్నదనా, ముక్కలైందనా? రెడ్ లిస్టు ప్రతి తీర్పు పక్కనా ఆ కారణాన్ని అక్షరాల్లో, అంకెల్లో ఇస్తుంది. దాన్ని వదిలేసి తీర్పు ఒక్కటే అచ్చు వేయడం, సెక్షను చెప్పకుండా శిక్ష చదివినట్టు ఉంటుంది.

కారణం తెలిస్తే చేయాల్సిన పని కూడా మారుతుంది. వేట వల్ల తగ్గిన పక్షికి కాపలా కావాలి. పరిధి చిన్నదైన పక్షికి ఆ నేలకు రక్షణ కావాలి. ముక్కలైన పక్షికి ముక్కల్ని కలిపే దారులు కావాలి. షోలా పిట్టకు కావలసింది ఈ మూడోది: వాగు గట్ల వెంట స్థానిక చెట్లు తిరిగి పెరగడం, గడ్డి ఉన్న చోట గడ్డిని గడ్డిగా ఉండనివ్వడం, కొత్తగా మొక్కలు నాటే ముందు అక్కడ మొదట ఏముండేదని అడగడం. "ప్రమాదంలో ఉంది కనుక చెట్లు నాటండి" అనే సభల్లో ఈ చివరి ప్రశ్న వినబడదు.

ఈసారి ఏ పక్షి గురించైనా అలాంటి వార్త చదివినప్పుడు మూడు సంగతులు వెతకండి: ఏ మెట్టు, ఏ కారణం, ఆ పటం ఏ చుక్కల మీద గీశారు. మూడూ లేకపోతే పత్రికకు ఒక కార్డు రాయండి. ఈ పత్రికకైనా సరే.